సాదా సాకెట్ ప్రోగ్రాముతో ల్యాప్‌టాప్‌ల ఆచూకీ: ఏది ఏ భవనంలో ఉందో నెట్‌వర్క్ ద్వారా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: ల్యాబ్ నిర్వాహకుడు

అందరికీ నమస్కారం. నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్‌ల నిర్వహణ చూస్తున్నాను. మా దగ్గర దాదాపు 150 ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. స్టాకు రిజిస్టరులో ప్రతిదీ ఏదో ఒక ల్యాబ్ పేరున నమోదై ఉంటుంది గానీ, ప్రాక్టికల్ పరీక్షలకో, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లకో, వర్క్‌షాపులకో మరో భవనానికి వెళ్లినవి తిరిగి తమ చోటికి రావడం అరుదు. ఏటా స్టాకు వెరిఫికేషన్ వచ్చేసరికి మూడు భవనాల్లోని బీరువాలన్నీ తెరిచి వెతకవలసి వస్తోంది. దీనికోసం సాఫ్ట్‌వేరు కొనే ఉద్దేశం యాజమాన్యానికి లేదు. నాకు పైథాన్ వచ్చు కాబట్టి సాకెట్లతో (నెట్‌వర్క్‌లో రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే ముఖద్వారాలు) సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాను.

ప్రస్తుతం ఉన్నది ఇది. కళాశాల సర్వరులో ఒక టీసీపీ (ముందు కనెక్షన్ ఏర్పరచుకుని మాట్లాడే పద్ధతి) ప్రోగ్రాము నడుస్తూ ఉంటుంది. ప్రతి ల్యాప్‌టాప్ బూట్ కాగానే దానికి కనెక్ట్ అయి, తన పేరునూ తన ఐపీ చిరునామానూ పంపి, ఆ కనెక్షన్‌ను అలాగే తెరిచి ఉంచుతుంది. సర్వరు ఒక్కో ల్యాప్‌టాప్‌కు ఒక్కో థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక పాయ) కేటాయిస్తుంది. మా భవనాలకు వేర్వేరు సబ్‌నెట్‌లు, అంటే చిరునామాల శ్రేణులు, ఉన్నాయి (ఉదాహరణకు ఒక భవనానికి 10.20.1.0/24, ఇంకొక భవనానికి 10.20.2.0/24). చిరునామాను బట్టి భవనం తెలిసిపోతుందన్నది ఆలోచన.

అయితే ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ తమ చిరునామా 127.0.1.1 అని పంపుతున్నాయి. కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లు 192.168.56.1 అంటున్నాయి, అటువంటి సబ్‌నెట్ మా కళాశాలలో ఎక్కడా లేదు. మూత మూసేసిన ల్యాప్‌టాప్ గంటల తరబడి కనెక్ట్ అయి ఉన్నట్టే సర్వరులో కనిపిస్తోంది. వీటిని సరిచేసే మార్గంతో పాటు, అసలు ఈ పద్ధతిలో ఎంత కచ్చితత్వం ఆశించవచ్చో కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1: నెట్‌వర్క్ ఇంజనీరు, హైదరాబాద్

మీరు ల్యాప్‌టాప్‌ను అడుగుతున్న ప్రశ్నకు సమాధానం సర్వరు దగ్గర ముందే ఉంది. ప్యాకెట్ ఏ చిరునామా నుంచి వచ్చిందో సాకెట్ లైబ్రరీయే చెబుతుంది. టీసీపీలో యాక్సెప్ట్ ఫంక్షను కొత్త కనెక్షన్‌తో పాటు, యూడీపీలో (కనెక్షన్ లేకుండా విడి ప్యాకెట్లు పంపే పద్ధతి) రెక్వ్‌ఫ్రమ్ ఫంక్షను సమాచారంతో పాటు, అవతలివారి చిరునామానూ పోర్టునూ కూడా తిరిగిస్తాయి. భవనాన్ని నిర్ణయించడానికి ఆ చిరునామానే వాడండి.

ఉబుంటులో 127.0.1.1 రావడానికి కారణం మీ ప్రోగ్రాము హోస్ట్ పేరును బట్టి చిరునామా వెతకడమే. డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థల్లో హోస్ట్స్ ఫైలులో యంత్రం పేరుకు ఎదురుగా ఆ లూప్‌బ్యాక్ (యంత్రం తనతో తానే మాట్లాడుకునే) చిరునామాయే రాసి ఉంటుంది, వెతికినప్పుడు అదే దొరుకుతుంది. విండోస్‌లో కనిపించే 192.168.56.1 వర్చువల్‌బాక్స్ (కంప్యూటరులో మరో కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు) తనకోసం సృష్టించుకునే హోస్ట్-ఓన్లీ అడాప్టరు చిరునామా. ల్యాప్‌టాప్ తన అసలు చిరునామా తెలుసుకోవాలంటే ఒక యూడీపీ సాకెట్ తెరిచి, దానిని మీ సర్వరు చిరునామాకు కనెక్ట్ చేసి, ఆ తరువాత గెట్‌సాక్‌నేమ్ (సాకెట్ సొంత చిరునామా చెప్పే ఫంక్షను) పిలవాలి. యూడీపీలో కనెక్ట్ అన్నందువల్ల ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పోదు. సర్వరు వైపు వెళ్లే దారిలో ఏ అడాప్టరు వాడాలో ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ నిర్ణయించి, ఆ అడాప్టరు చిరునామాను సాకెట్‌కు అంటగడుతుంది. ఎన్ని వర్చువల్ అడాప్టర్లు ఉన్నా సరైన జవాబే వస్తుంది.

సర్వరుకు ఎలాగూ కనిపిస్తున్నప్పుడు ల్యాప్‌టాప్ తన చిరునామాను మళ్లీ పంపడం దేనికని అడగవచ్చు. ఆ రెండింటినీ పోల్చడంలో ఒక ప్రయోజనం ఉంది. రెండూ ఒకటే అయితే మధ్యలో చిరునామా మార్పిడి, అంటే నాట్, లేదని అర్థం. ల్యాప్‌టాప్ 192.168.0.14 అంటుండగా సర్వరుకు 10.20.2.77 కనిపిస్తే, ఆ భవనంలో ఎవరో ఇంట్లో వాడే వైఫై రౌటరు తెచ్చి గోడ పోర్టుకు తగిలించారన్నమాట. మన కళాశాలల్లో ఇది సర్వసాధారణం. దాని వెనుక ఎన్ని ల్యాప్‌టాప్‌లున్నా సర్వరుకు ఒకే చిరునామా కనిపిస్తుంది. భవనం మాత్రం సరిగ్గానే తెలుస్తుంది, ఎందుకంటే ఆ రౌటరు ఉన్నది ఆ భవనంలోనే.

మూత మూసిన ల్యాప్‌టాప్ విషయానికి వస్తే, నిద్రలోకి జారుకునే యంత్రం తరచుగా టీసీపీకి వీడ్కోలు చెప్పకుండానే పోతుంది. అవతలి పక్క మౌనంగా ఉందో, లేకుండా పోయిందో టీసీపీ తనంతట తాను పట్టించుకోదు. అవతలి పక్క ఉందో లేదో పరిశీలించే కీప్‌అలైవ్ అనే సదుపాయం ఉన్నా, మనం అడిగితే తప్ప అది పని చేయదు. అడిగినా లినక్సులో మొదటి పరిశీలనకు ముందు 7200 సెకన్లు, అంటే రెండు గంటలు ఆగుతుంది. ఆ గడువును తగ్గించుకునే వీలుంది గానీ, ఈ పనికి తెరిచి ఉంచే కనెక్షనే అనవసరమని నా అభిప్రాయం. ప్రతి ఐదు నిమిషాలకూ ఒక చిన్న యూడీపీ ప్యాకెట్ పంపితే చాలు. 150 ల్యాప్‌టాప్‌లు ఐదు నిమిషాలకొకసారి కబురు పంపితే సర్వరుకు సగటున రెండు సెకన్లకు ఒక ప్యాకెట్ వస్తుంది. దానికి థ్రెడ్‌లు అక్కరలేదు, ఒక సాకెట్, ఒక లూపు, పక్కనే ఒక ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేసు) ఫైలు ఉంటే సరిపోతుంది. ఒక ప్యాకెట్ దారిలో పోయినా ఐదు నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది కనుక యూడీపీకి నమ్మకం తక్కువన్న దిగులు ఇక్కడ వర్తించదు. అందరూ తొమ్మిది గంటలకు ఒకేసారి స్విచ్ వేసే ల్యాబ్‌లో కబుర్లన్నీ ఒకే క్షణాన రాకుండా, ఆ ఐదు నిమిషాలకు అటూ ఇటూ కొన్ని సెకన్లు యాదృచ్ఛికంగా కలపండి.

ఐదు నిమిషాల లెక్కతో పాటు, నెట్‌వర్క్ మారిన వెంటనే కూడా ఒక కబురు వెళ్లాలి. లినక్సులో నెట్‌వర్క్‌మేనేజర్ డిస్పాచర్ ఫోల్డరులో ఒక స్క్రిప్టు పెడితే అది కనెక్షన్ మారిన ప్రతిసారీ నడుస్తుంది. విండోస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ లాగ్‌లోని 10000 నంబరు ఈవెంట్‌కు టాస్క్ షెడ్యూలరును ముడిపెట్టవచ్చు.

సర్వరు పేజీలో "కనెక్ట్ అయి ఉంది" అనే మాట తీసేసి, చివరి కబురు వచ్చిన సమయమూ అప్పటి చోటూ మాత్రమే చూపించండి. స్విచ్ఛాఫ్ చేసి బీరువాలో పెట్టిన ల్యాప్‌టాప్ గురించి ఏ సాకెట్టూ ఏమీ చెప్పలేదు.

సమాధానం 2: విశ్వవిద్యాలయ వైఫై నిర్వాహకురాలు

పై సమాధానంలో సాకెట్ల గురించి చెప్పినదంతా సరైనదే. కానీ భవనానికొక సబ్‌నెట్ అన్న లెక్క తీగ కనెక్షన్లకు నిలబడినంతగా వైఫైకి నిలబడదు. అన్ని యాక్సెస్ పాయింట్లనూ (వైఫై సిగ్నలు ఇచ్చే పెట్టెలను) ఒకే చోటి నుంచి నడిపే కంట్రోలరు ఉన్న వైఫైలో, నడుస్తూ వెళ్లే వినియోగదారుకు చిరునామా మారకుండా ఉండాలని, ప్రాంగణం మొత్తానికి ఒకే వీల్యాన్ (స్విచ్చుల్లో విడదీసిన ఒక నెట్‌వర్క్ విభాగం) పెట్టడం మామూలే. అలా ఉన్న చోట ఎంసీఏ భవనంలోని ల్యాప్‌టాప్‌కూ, లైబ్రరీలోని ల్యాప్‌టాప్‌కూ ఒకే సబ్‌నెట్ నుంచి చిరునామా వస్తుంది. కాబట్టి ప్రోగ్రాము రాసే ముందు మీ నెట్‌వర్క్ సిబ్బందిని కలిసి వైఫై వీల్యాన్‌లు ఎలా విభజించారో కనుక్కోండి.

ఒకే వీల్యాన్ అని తేలితే కబురులో మరో సమాచారం చేర్చాలి, అది బీఎస్ఎస్ఐడీ. ల్యాప్‌టాప్ ఏ యాక్సెస్ పాయింటుకు అతుక్కుని ఉందో ఆ రేడియో హార్డ్‌వేరు చిరునామా అది. వైఫై పేరు ప్రాంగణమంతా ఒకటే అయినా బీఎస్ఎస్ఐడీ యాక్సెస్ పాయింటును బట్టి మారుతుంది. విండోస్‌లో నెట్‌ష్ ఆదేశంలోని వ్లాన్ విభాగం దీన్ని చూపిస్తుంది, లినక్సులో ఐడబ్ల్యూ అనే ఆదేశం చూపిస్తుంది. విండోస్ 11 24హెచ్2 నుంచి మాత్రం లొకేషన్ అనుమతి ఆన్‌లో లేకపోతే నెట్‌ష్ ఆ వివరం ఇవ్వదు. మీ ల్యాప్‌టాప్‌లు ఆ వెర్షన్‌కు అప్‌డేట్ అయిన రోజున బీఎస్ఎస్ఐడీ గడి హఠాత్తుగా ఖాళీగా రావడం మొదలవుతుంది, అప్పుడు తప్పు మీ కోడులో వెతకకండి.

బీఎస్ఎస్ఐడీ పట్టిక తయారుచేసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక యాక్సెస్ పాయింటు సిబ్బందికి ఒక వైఫై పేరునూ, విద్యార్థులకు ఒకదాన్నీ, అతిథులకు ఇంకొకదాన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనూ 5 గిగాహెర్ట్జ్‌లోనూ ప్రసారం చేస్తుంటే, పైకప్పుకు ఉన్న ఆ ఒక్క పెట్టెకే ఆరు బీఎస్ఎస్ఐడీలు ఉంటాయి. సాధారణంగా వాటిలో చివరి అంకెలే తేడాగా ఉంటాయి. పెట్టె వెనుక స్టిక్కరు మీది చిరునామాను మాత్రమే రాసుకుంటే చాలా కబుర్లు పట్టికలో దేనికీ సరిపోవు. కంట్రోలరు నుంచి పూర్తి జాబితా తీసుకోవడమే సుఖం.

ఇంత చేసినా తెలిసేది గది కాదు. రెండో అంతస్తు ల్యాబ్‌కు తీసుకెళ్లిన ల్యాప్‌టాప్, సిగ్నలు బాగా పడిపోయేదాకా కింది అంతస్తు యాక్సెస్ పాయింటునే పట్టుకుని వేలాడటం రోజూ చూస్తుంటాము. మెట్ల పక్క గదుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే మా పేజీలో గది నంబరు వేయము, యాక్సెస్ పాయింటు పేరు వేసి వదిలేస్తాము. మీ స్టాకు వెరిఫికేషన్‌కు ఫలానా భవనం, సుమారుగా ఫలానా వైపు అని తెలిస్తే చాలు కదా.

తీగ ద్వారా కనెక్ట్ అయ్యేవాటికి ఏ స్విచ్చు, ఎన్నో పోర్టు అన్నంత దూరం వెళ్లవచ్చు. మేనేజ్డ్ స్విచ్చులు ఎల్ఎల్‌డీపీ అనే పద్ధతిలో తమ పేరునూ పోర్టునూ మామూలుగా 30 సెకన్లకొకసారి ప్రకటిస్తుంటాయి. అయితే ఆ ఫ్రేములు వినడానికి లినక్సులో రూట్ అధికారంతో రా సాకెట్ (ముడి ఫ్రేములను నేరుగా అందుకునే సాకెట్) తెరవాలి, విండోస్‌లో మామూలు సాకెట్‌తో అది కుదరదు. దానికన్నా ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల వివరాలు అడిగి తెలుసుకునే పద్ధతి) ద్వారా స్విచ్చులోని మ్యాక్ పట్టికను (ఏ పోర్టు వెనుక ఏ హార్డ్‌వేరు చిరునామా ఉందో చూపేది) సర్వరే చదవడం తేలిక.

మ్యాక్ చిరునామా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, దాన్ని ల్యాప్‌టాప్ గుర్తింపుగా వాడకండి. ఈమధ్య పలచని ల్యాప్‌టాప్‌లకు ఈథర్నెట్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ అడాప్టరు తగిలిస్తారు. ఆ అడాప్టరు మ్యాక్ చిరునామా అడాప్టరుతోనే పోతుంది. ఒకే అడాప్టరును నలుగురు అధ్యాపకులు పంచుకునే శాఖలో నాలుగు ల్యాప్‌టాప్‌లు ఒకటిగా కనిపిస్తాయి.

సమాధానం 3: సెక్యూరిటీ డెవలపరు, బెంగళూరు

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. "నేను 87వ నంబరు ల్యాప్‌టాప్‌ను, మెకానికల్ భవనంలో ఉన్నాను" అని మీ సర్వరుకు ఎవరు పడితే వారు చెప్పగలరు. ఇంజనీరింగ్ కళాశాల కాబట్టి చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. యూడీపీలో పంపినవారి చిరునామాను కూడా నకిలీ చేయవచ్చు.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ప్రతి ల్యాప్‌టాప్‌కూ 32 బైట్ల రహస్య తాళం (కీ) ఒకటి ఇచ్చి, కబురు మొత్తానికి హెచ్‌మ్యాక్-షా256 ముద్ర (ఆ తాళం ఉన్నవారు మాత్రమే లెక్కగట్టగల సంఖ్య) లెక్కగట్టి చివర జోడించండి. సర్వరు తన దగ్గరున్న అదే తాళంతో మళ్లీ లెక్కగట్టి పోలుస్తుంది. పైథాన్‌తో పాటే వచ్చే లైబ్రరీలో ఇదంతా ఉంది. పోల్చేటప్పుడు మామూలు సమాన గుర్తు కాకుండా కంపేర్-డైజెస్ట్ (పోలికకు పట్టిన సమయాన్ని బట్టి ముద్రను ఊహించనివ్వని ఫంక్షను) వాడండి. తాళం ఉన్న ఫైలును అడ్మినిస్ట్రేటరు మాత్రమే చదవగలిగేలా ఉంచాలి. ల్యాప్‌టాప్ చెప్పుకున్న చిరునామా కూడా ముద్ర కిందికే వస్తుంది కాబట్టి దాన్ని మధ్యలో మార్చడం కుదరదు.

ముద్ర ఉన్న పాత కబురునే పట్టుకుని ఎవరైనా మళ్లీ పంపకుండా ప్రతి కబురుకూ వరుస సంఖ్య వేయండి. చివరగా అందిన సంఖ్య కన్నా పెద్దది కాకపోతే సర్వరు పారేయాలి. చాలామంది ఇక్కడ సమయాన్ని వాడతారు. కానీ మదర్‌బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ ప్రతి బూట్‌కూ ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది, దాని కబుర్లన్నీ తిరస్కరణకు గురవుతాయి. సమయం ఎప్పుడూ సర్వరు గడియారానిదే నమోదు చేయండి.

ల్యాబ్‌లలో ఎదురయ్యే మరో చిక్కు క్లోనింగ్. ఒక ల్యాప్‌టాప్‌ను చక్కగా సిద్ధం చేసి, దాని డిస్కు ఇమేజిని మిగతా అన్నింటిలో దించడం మన అలవాటు. తాళమూ నంబరూ ఆ ఇమేజిలో ఉండిపోతే అరవై ల్యాప్‌టాప్‌లు ఒకే పేరుతో పలుకుతాయి, వరుస సంఖ్యలు కలగాపులగం అవుతాయి. గుర్తింపుగా ఫైలులో రాసుకున్న నంబరు కాకుండా బయోస్‌లో తయారీదారు రాసిన సీరియల్ నంబరు తీసుకోండి. అది లినక్సులో హార్డ్‌వేరు వివరాలుండే డీఎంఐ ఫోల్డరులో, విండోస్‌లో యంత్రం వివరాలు చెప్పే డబ్ల్యూఎంఐ సదుపాయం ద్వారా దొరుకుతుంది. మదర్‌బోర్డు మార్పించిన యంత్రాల్లో అది ఖాళీగా ఉండవచ్చు, వాటికి మాత్రం చేత్తో నంబరు ఇవ్వండి. తాళాలను ఇమేజి దించిన తరువాతే ఒక్కొక్కదానికీ విడిగా సృష్టించాలి.

చివరగా, సర్వరు నుంచి ల్యాప్‌టాప్‌కు ఆదేశాలు పంపే దారి పెట్టకండి. "ఎలాగూ సాకెట్ ఉంది కదా, దూరం నుంచి షట్‌డౌన్ కూడా చేద్దాం" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ దారి తెరిచిన రోజున మీ సర్వరు ఒక్కటి చేజిక్కితే 150 ల్యాప్‌టాప్‌లూ చేజిక్కినట్టే.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మా నెట్‌వర్క్ సిబ్బందిని అడిగాను. తీగ కనెక్షన్లకు భవనానికొక సబ్‌నెట్ ఉంది గానీ వైఫైకి మొత్తం ఒకటే వీల్యాన్ ఉందట, కాబట్టి బీఎస్ఎస్ఐడీ తప్పనిసరి అవుతోంది. యూడీపీకి మారుతున్నాను. అధ్యాపకులు కొన్ని ల్యాప్‌టాప్‌లను ఇంటికి తీసుకెళ్తారు. అవి కూడా కబురు పంపాలంటే ఏం చేయాలి? ఒకవేళ దొంగతనం జరిగితే ఈ సమాచారం పోలీసులకు పనికివస్తుందా?

సమాధానం 4: నెట్‌వర్క్ ఇంజనీరు, హైదరాబాద్

ఇంటి నుంచి కబురు రావాలంటే సర్వరుకు పబ్లిక్ చిరునామా ఉండాలి. ప్రోగ్రాములో చిరునామా కాకుండా డీఎన్ఎస్ పేరు (వెతికితే ఐపీ చిరునామా దొరికే పేరు) రాయండి. ప్రాంగణంలో ఆ పేరుకు లోపలి చిరునామా, బయట పబ్లిక్ చిరునామా వచ్చేలా మీ సిబ్బంది అమర్చగలరు. లేకపోతే లోపలి ల్యాప్‌టాప్‌లు కూడా బయటికి వెళ్లి తిరిగి వచ్చినట్టుగా కళాశాల గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌తో కలిపే పరికరం) చిరునామాతో కనిపించి, భవనం లెక్క మొత్తం చెడుతుంది.

బయటి నుంచి వచ్చే కబురులో చిరునామాతో పాటు సోర్సు పోర్టునూ (కబురు బయల్దేరిన పోర్టు నంబరు), సెకన్లతో సహా సమయాన్నీ తప్పక నమోదు చేయండి. ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల సర్వీసు ప్రొవైడర్లు ఎంతోమంది చందాదారులను ఒకే పబ్లిక్ చిరునామా వెనుక ఉంచుతారు. అందుకోసం 100.64.0.0/10 అనే శ్రేణిని 2012లో ప్రత్యేకంగా కేటాయించారు. ఆ ఏర్పాటులో ఒక చందాదారుణ్ణి మరొకరి నుంచి వేరుచేసేది పోర్టు నంబరే. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్లు సోర్సు పోర్టును కూడా నమోదు చేయాలని 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6302 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం సిఫారసు చేసింది. చందాదారు వివరాలు సర్వీసు ప్రొవైడరు మీకు ఇవ్వరు, ఫిర్యాదు నమోదైన తరువాత పోలీసులు అడిగితే ఇస్తారు. అప్పుడు మీ లాగ్‌లో పోర్టు లేకపోతే వందలాది చందాదారుల జాబితా ముందు నిలబడవలసి వస్తుంది. ఐపీ చిరునామాను బట్టి ఊరు చెప్పే వెబ్‌సైట్లను ఈ పనిలో నమ్మకండి. మొబైల్ డేటా మీద ఉన్న ల్యాప్‌టాప్‌కు అవి తరచు ప్రొవైడరు గేట్‌వే ఉన్న నగరాన్నే చూపిస్తాయి.

మొబైల్ డేటా, కొత్త బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల నుంచి ఐపీవీ6 కబుర్లు కూడా వస్తాయి. సర్వరు ఐపీవీ6 సాకెట్ మీద రెండింటినీ వింటుంటే, ఐపీవీ4 చిరునామాకు ముందు ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్: అనే ముక్క తగిలి వస్తుంది. దాన్ని తీసేయకపోతే సబ్‌నెట్ పట్టికలో ఒక్కటీ సరిపోదు. ఐపీవీ6లో ల్యాప్‌టాప్‌లు తాత్కాలిక చిరునామాలు మార్చుకుంటూ ఉంటాయి కనుక మొదటి 64 బిట్లనే పోల్చండి.

దొంగతనం విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. విండోస్ తుడిచి మళ్లీ ఎక్కించిన క్షణాన మీ ప్రోగ్రాము ఉండదు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి బూట్‌కు ముందే పిన్ అడిగేలా పెడితే సమాచారం భద్రంగా ఉంటుంది గానీ, పిన్ తెలియని దొంగ చేతిలో ల్యాప్‌టాప్ అసలు బూట్ అవదు, కాబట్టి కబురూ రాదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే నేను పరీక్ష పేపర్లు ఉండే ల్యాప్‌టాప్‌లకు పిన్‌నే ఎంచుకుంటాను.

సమాధానం 5: విశ్వవిద్యాలయ వైఫై నిర్వాహకురాలు

ఇంటికి వెళ్లే ల్యాప్‌టాప్‌ల గురించి ఒక మాట. కళాశాల ఆస్తిని కనిపెట్టి ఉండటం వేరు, అధ్యాపకురాలు సెలవు రోజున ఎవరింట్లో ఉందో తెలుసుకోవడం వేరు. ఇంటి రౌటరు బీఎస్ఎస్ఐడీ మీ డేటాబేసులోకి వచ్చిందంటే రెండో పని కూడా జరిగిపోయినట్టే. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ఉద్యోగ సంబంధమైన అవసరాలకూ, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికీ కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, అవసరానికి మించి పోగుచేయడానికి అది సాకు కాదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రాముకే మీ కళాశాల వైఫై పేరు తెలిసి ఉండాలి. ఆ పేరు కానప్పుడు అది బీఎస్ఎస్ఐడీని అసలు పంపకూడదు. సర్వరు పేజీలో "ప్రాంగణం బయట" అని మాత్రమే కనిపించాలి. పోర్టుతో కూడిన లాగ్‌ను పేజీలో చూపకుండా విడిగా ఉంచి, కొన్ని వారాల తరువాత చెరిపేయండి. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ సంగతి రెండు వాక్యాల్లో రాయండి.

పట్టిక గురించి మీరు అడగలేదు గానీ, ఈ పనిలో ఎక్కువ శ్రమ అక్కడే ఉంది. యాక్సెస్ పాయింటు పాడైతే దాని స్థానంలో వేరేది బిగిస్తారు, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. కాబట్టి కళాశాల వైఫై పేరుతో వచ్చి కూడా పట్టికలో లేని బీఎస్ఎస్ఐడీలను సర్వరు పారేయకుండా విడి జాబితాలో పెట్టాలి. ఆ తెలియని పాయింటు ద్వారా ఏ ల్యాప్‌టాప్‌లు పలుకుతున్నాయో, అంతకు ముందు రోజు అవి ఏ పాయింటు దగ్గర పలికాయో పక్కపక్కన చూపిస్తే కొత్త పెట్టె ఎక్కడ బిగించారో చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆ జాబితాను వారానికొకసారి వైఫై చూసేవారికి పంపండి, మిగతాది వారు పూరిస్తారు.